సరస్సుల్లో స్ట్రైపర్ వేట: బతికున్న ఎరకు సరైన రాడ్ ఎంచుకోవడం ఎలా?

ఏటా వసంతం దగ్గరపడేసరికి నాకు ఎదురయ్యే ప్రశ్న ఒకటే. అట్లాంటాకు ఉత్తరాన కమింగ్, ఆల్ఫరెటా వైపు ఉండి లేక్ లానియర్‌కు వెళ్లే మనవాళ్లు అదే అడుగుతారు. డాలస్ దగ్గర ఫ్రిస్కో, ప్లేనోల నుంచి లేక్ టెక్సోమాకు వెళ్లేవాళ్లూ అదే అడుగుతారు. "ఒకసారి గైడ్ పడవలో వెళ్లి స్ట్రైపర్లు పట్టాం. ఇప్పుడు సొంతంగా వెళ్లాలని ఉంది. ఏ రాడ్ కొనమంటారు?" అడిగిన వెంటనే చాలామంది తాము పట్టిన చేప పదిహేను పౌండ్లనో, ఇరవై పౌండ్లనో చెప్పి, అంత బరువును ఆపగల రాడ్ పేరు చెప్పమంటారు. పొరపాటు అక్కడే మొదలవుతుంది. బతికున్న ఎరతో వేటాడేటప్పుడు రాడ్‌ను ముందు ఎరను చూసి ఎంచుకోవాలి, ఆ ఎరను నీళ్లలోకి ఏ పద్ధతిలో దింపుతున్నామో చూసి ఎంచుకోవాలి. చేప బరువు ఆ తరువాతి మాట.

నేను మొదట కొన్న రాడ్ లార్జ్‌మౌత్ బాస్ కోసం తయారైనది. ఏడడుగుల గ్రాఫైట్ రాడ్. చేతిలో తేలికగా ఉండేది, కొన బిర్రుగా నిలబడి ఉండేది. లానియర్ మీద మొదటి ఉదయమే మూడు చేపలు ఎరను అందుకున్నాయి, మూడూ వదిలేశాయి. దారం చుట్టి చూస్తే ప్రతిసారీ ఎరగా గుచ్చిన హెర్రింగ్ అనే చిన్న చేపే, పొలుసులు గీరుకుపోయి పైకి వచ్చింది. పక్క హోల్డర్‌లో మిత్రుడి పాత ఫైబర్‌గ్లాస్ రాడ్ ఉంది, దాని కొన చిన్న అల వచ్చినా ఊగేంత మెత్తనిది. అదే లోతులో, అదే ఎరతో అది రెండు చేపలను పట్టి ఇచ్చింది. ఆ రోజు నుంచి నేను రాడ్ గురించి ఆలోచించే తీరే మారిపోయింది.

ఈ చేప గురించి తెలుసుకోవలసింది కొద్దిగానే ఉంది. స్ట్రైపర్ అని పిలిచే ఈ స్ట్రైప్డ్ బాస్ అసలు అట్లాంటిక్ తీరపు చేప. మన పులస సముద్రం నుంచి గోదావరికి ఎదురెక్కినట్టే ఇది కూడా గుడ్లు పెట్టడానికి నదుల్లోకి ఎదురెక్కుతుంది. 1940లలో సౌత్ కరొలినాలో శాంటీ, కూపర్ నదుల జలాశయాలు ఏర్పడినప్పుడు లోపల చిక్కుకుపోయిన చేపలు మంచినీళ్లలోనే బతికి, సంతానాన్ని పెంచుకున్నాయి. తరువాత అనేక రాష్ట్రాల మత్స్య శాఖలు వీటిని జలాశయాల్లో వదలడం మొదలుపెట్టాయి. టెక్సోమాలో ఇవి సహజంగానే పిల్లలు పెడతాయి, లానియర్‌లో మాత్రం జార్జియా రాష్ట్ర శాఖ వదిలే పిల్లలే పెద్దవవుతాయి. రెండు చోట్లా ఇవి నడినీళ్లలో గుంపుగా తిరుగుతూ, షాడ్, హెర్రింగ్ వంటి చిన్న చేపల మందలను తరుముతూ బతుకుతాయి. అందుకే బతికున్న ఎరకు ఇంత విలువ.

కావలసినవి

పడవ మీద వేటాడే ఒక మనిషికి ఈ కింది సరంజామా చాలు.

- 7 నుంచి 7 అడుగుల 6 అంగుళాల పొడవున్న, మెత్తని కొనగల కాస్టింగ్ రాడ్లు రెండు.
- దారాన్ని సమంగా పరిచే లెవెల్‌విండ్ రీళ్లు రెండు. లోతు చూపే లైన్ కౌంటర్, దారం లాగినప్పుడు చప్పుడు చేసే క్లిక్కర్ ఉంటే మరీ మంచిది.
- 15 నుంచి 20 పౌండ్ల మోనోఫిలమెంట్ దారం. లీడర్ (హుక్‌కు ముందు కట్టే చివరి దారం ముక్క) కోసం 12 నుంచి 15 పౌండ్ల ఫ్లూరోకార్బన్.
- 1 నుంచి 2 ఔన్సుల కోడిగుడ్డు ఆకారపు సీసపు గుండ్లు, స్వివెల్‌లు (దారం మెలిపడకుండా తిరిగే చిన్న లోహపు కొలికిలు), ఎర పరిమాణానికి తగిన సర్కిల్ హుక్‌లు (మొన లోపలికి వంగిన గుండ్రని హుక్‌లు).
- పడవ అంచుకు గట్టిగా బిగించే రాడ్ హోల్డర్లు.
- ఇంట్లో పరీక్షించడానికి అర లీటరు నీళ్ల సీసా, అర గ్యాలన్ పాల డబ్బా, ఇండియా ప్రయాణానికి సూట్‌కేసులు తూచే చేతి తూనిక.

చివరి వరుస చూసి ఆశ్చర్యపోవద్దు. రాడ్ ఎంపికలో సగం పని ఆ మూడు వస్తువులతోనే తేలుతుంది.

1. ముందు పద్ధతిని తేల్చుకోండి

బతికున్న ఎరతో స్ట్రైపర్లను పట్టే పద్ధతులు ముఖ్యంగా నాలుగు. ఒక్కోదానికి కావలసిన రాడ్ కొంచెం వేరు.

డౌన్‌లైన్ పద్ధతిలో సీసపు గుండు, స్వివెల్, నాలుగు నుంచి ఆరడుగుల లీడర్, హుక్ కట్టి, ఎరను పడవ కిందుగా నిలువునా దింపుతారు. ఫిష్ ఫైండర్ తెరలో చేపలు 40 అడుగుల దగ్గర కనిపిస్తే ఎరను 35 అడుగుల దగ్గర ఆపుతారు, ఎందుకంటే స్ట్రైపర్ పైకి చూసి వేటాడుతుంది. తనకంటే కిందున్న ఎర కోసం అంత తేలికగా దిగదు. కొత్తగా మొదలుపెట్టేవారికి ఇదే సులువైన పద్ధతి, ఈ వ్యాసంలో ఎక్కువ మాటలు దీని గురించే. దీనికి 7 అడుగుల మీడియం లేదా మీడియం లైట్ రాడ్ సరిపోతుంది (ఈ మాటల అర్థం మూడో అంచెలో ఉంది).

ఫ్రీలైన్ పద్ధతిలో గుండు ఉండదు, లేదా గోరంత గుండు ఉంటుంది. పడవ మెల్లగా, గంటకు ఒక మైలు లోపు వేగంతో కదులుతుంటే ఎర వెనకాల దూరంగా స్వేచ్ఛగా ఈదుతుంది. చేపలు పైనీళ్లలో ఉండే చలికాలంలోను, వసంతంలోను ఇది బాగా పనిచేస్తుంది. 7 అడుగుల 6 అంగుళాల మీడియం లైట్ రాడ్ దీనికి హాయిగా ఉంటుంది.

ప్లేనర్ బోర్డు పద్ధతిలో దారానికి ఒక తేలే పలకను తగిలిస్తారు, అది ఎరను పడవకు పక్కగా దూరం తీసుకుపోతుంది. నీటిలో ఆ పలక లాగే బరువు తక్కువేమీ కాదు. మెత్తని రాడ్ ఆ బరువుకే సగం వంగిపోతుంది, ఇక చేప పడినప్పుడు వంగడానికి ఏమీ మిగలదు. కాబట్టి ఇక్కడ నడుము గట్టిగా ఉన్న మీడియం లేదా మీడియం హెవీ రాడ్ తీసుకోండి. కొన మాత్రం ఇక్కడ కూడా మెత్తగానే ఉండాలి.

పడవ లేనివారు ఒడ్డు నుంచి వేయవచ్చు. 9 నుంచి 10 అడుగుల స్పిన్నింగ్ రాడ్, చేప లాగినప్పుడు దారాన్ని వదిలే బెయిట్ ఫీడర్ రకం రీల్ దీనికి తగినవి. ఇక్కడ ఎరను దూరం విసరాలి గనుక రాడ్ మీద రాసిన ల్యూర్ బరువును (రాడ్ విసరగల ఎర బరువును) తప్పక చూడండి: 2 ఔన్సుల గుండుకు 2 ఔన్సుల ఎర తోడైతే 4 ఔన్సులవుతుంది, ఒక ఔన్సుకే తయారైన రాడ్‌తో దాన్ని బలంగా విసిరితే రాడ్ విరగవచ్చు.

ఏ పద్ధతో ఇంకా తేల్చుకోలేకపోతే డౌన్‌లైన్ రాడ్ కొనండి. దానితో ఫ్రీలైన్ కూడా వేయవచ్చు.

2. దేనితో తయారైందో చూడండి

రాడ్లు గ్రాఫైట్‌తోనో, ఫైబర్‌గ్లాస్‌తోనో, రెండూ కలిపిన కాంపోజిట్‌తోనో తయారవుతాయి. దుకాణంలో గ్రాఫైట్ రాడ్ తేలికగా, ఖరీదుగా, అందంగా ఉండి చేతికి నచ్చుతుంది. అయితే దాని గుణం చేతికి చిన్న కదలికను కూడా తెలియజేయడం. రాడ్‌ను రోజంతా చేత్తో పట్టుకుని వేటాడేవారికి అది వరం. మన రాడ్ రోజంతా హోల్డర్‌లో ఉంటుంది. హోల్డర్‌కు ఆ స్పర్శ అక్కరలేదు. అక్కరలేని దానికి డబ్బు పెట్టి, కావలసిన మెత్తదనాన్ని పోగొట్టుకోవద్దు.

చిన్నప్పుడు ఊరి చెరువులో వెదురు బద్దకు దారం కట్టి, బెండు వేసి గాలం పట్టినవారికి ఈ సంగతి వేరే చెప్పనక్కరలేదు. సన్నని వెదురు కొన చేపతోపాటు వంగుతుంది, చేపతోపాటే లేస్తుంది. ఫైబర్‌గ్లాస్ గుణం అలాంటిది. 1976లో మార్కెట్లోకి వచ్చిన షేక్‌స్పియర్ కంపెనీ అగ్లీ స్టిక్ గ్లాస్, గ్రాఫైట్ రెండూ కలిపి చేసిన రాడ్. ఈ సరస్సుల మీద పడవల్లో అది ఇప్పటికీ తరచూ కనిపిస్తుంది. ఆ పేరే కొనాలని కాదు. 50 నుంచి 80 డాలర్ల మధ్య దొరికే ఏ మంచి కాంపోజిట్ రాడ్ అయినా మన పనికి చాలు. రాడ్ మీద మిగిల్చిన డబ్బును రీల్ మీదా, హోల్డర్ మీదా పెట్టండి.

ఒక హెచ్చరిక: గ్రాఫైట్ విద్యుత్తును ప్రసరింపజేస్తుంది. ఉరుము వినపడితే రాడ్ ఏదైనా సరే కింద పడుకోబెట్టి ఒడ్డుకు చేరండి. ఒడ్డున ఉన్నప్పుడు తలపైన కరెంటు తీగలున్న చోట నిలబడి విసరవద్దు.

3. పిడి పైన ఉన్న రాతను చదవండి

పిడికి కొంచెం పైన, రాడ్ మీద చిన్న అక్షరాలతో పొడవు, పవర్, యాక్షన్, దారం బరువు, ల్యూర్ బరువు రాసి ఉంటాయి. పవర్, యాక్షన్ రెండూ ఒకటేనని చాలామంది అనుకుంటారు. పవర్ అంటే రాడ్‌ను వంచడానికి ఎంత బలం కావాలో చెప్పే మాట: లైట్, మీడియం లైట్, మీడియం, మీడియం హెవీ, హెవీ. యాక్షన్ అంటే రాడ్ ఎక్కడి నుంచి వంగుతుందో చెప్పే మాట: ఫాస్ట్ అయితే కొన దగ్గర మాత్రమే, మోడరేట్ అయితే నడుము వరకు, స్లో అయితే దాదాపు పిడి వరకు వంగుతుంది.

డౌన్‌లైన్‌కు మీరు వెతకవలసింది మీడియం లేదా మీడియం లైట్ పవర్, మోడరేట్ యాక్షన్, 10 నుంచి 20 పౌండ్ల దారం అని రాసి ఉన్న రాడ్. మోడరేట్ దొరకకపోతే మోడరేట్ ఫాస్ట్ తీసుకోవచ్చు. ఎక్స్‌ట్రా ఫాస్ట్ అని ఉన్నది ఎంత తక్కువ ధరకు వచ్చినా వద్దు. ఒక్క జాగ్రత్త: ఈ కొలతలకు అన్ని కంపెనీలకూ ఒకే ప్రమాణం లేదు. ఒకరి మీడియం మరొకరి మీడియం హెవీతో సమానంగా ఉండవచ్చు. కాబట్టి రాతను నమ్మి ఆన్‌లైన్‌లో ఒకేసారి నాలుగు రాడ్లు తెప్పించుకోకండి; ఒకటి తెప్పించి, ఏడో అంచెలో చెప్పిన పరీక్ష చేసి, ఆ తరువాత మిగతావి కొనండి.

పొడవు విషయంలో మీ కారును కూడా లెక్కలోకి తీసుకోండి. ఏడడుగుల సింగిల్ పీస్ రాడ్ అంటే 213 సెంటీమీటర్లు. వెనక సీటు మడవని సెడాన్‌లో అది పట్టదు. అపార్ట్‌మెంట్‌లో ఉంటూ చిన్న కారులో తిరిగేవారు రెండు ముక్కల రాడ్ తీసుకోవడంలో తప్పేమీ లేదు. అతుకు బిగువుగా కూర్చుంటుందో లేదో చూసుకోండి, ప్రతి రెండు గంటలకోసారి అతుకును మళ్లీ బిగించండి.

4. దుకాణంలో కొనను వంచి చూడండి

రాడ్‌ను నేలకు సమాంతరంగా పట్టుకుని మణికట్టును కొద్దిగా కదపండి. కొన ఒకసారి ఊగి వెంటనే ఆగిపోతే అది బిర్రైన రాడ్. మూడు నాలుగు సార్లు నింపాదిగా ఊగి ఆగితే మనకు కావలసినది దగ్గరలో ఉంది. తరువాత తోడు వచ్చిన వారిని కొన వైపు మెత్తగా పట్టుకోమని, మీరు పిడి వైపు నుంచి నిదానంగా ఎత్తండి. వంపు కొన దగ్గర మొదలై, బలం పెరిగిన కొద్దీ కిందికి పాకుతూ రావాలి. మధ్యలో ఎక్కడైనా మడతపడ్డట్టు ఒక్కసారిగా వంగితే ఆ రాడ్ పక్కన పెట్టేయండి.

కొనను పైకప్పుకో నేలకో నొక్కి వంచి చూడటం మాత్రం చేయవద్దు. రాడ్లు ఎక్కువగా విరిగేది చేపల వల్ల కాదు, ఇలాంటి వాటివల్ల, కారు తలుపుల వల్ల.

ఈ మెత్తదనం ఎందుకో ఒక్కసారి దగ్గరగా చూడండి. బ్లూబ్యాక్ హెర్రింగ్ ముక్కు రంధ్రాల గుండా హుక్ గుచ్చి 35 అడుగులకు దింపారు. పక్కనుంచి మోటారు పడవ వెళ్లింది, అలకు మీ పడవ లేచి పడింది. కొన బిర్రుగా ఉంటే ఆ కుదుపంతా సన్నని ముక్కు దగ్గరే పడుతుంది. నాలుగైదు అలలకు ఆ చేప చిరిగిపోతుంది, లేదా అలసి ఈదడం మానేస్తుంది. కొన మెత్తగా ఉంటే అలను కొనే మింగేస్తుంది, ఎర తన మానాన తాను ఈదుతూ ఉంటుంది. ఇప్పుడు కింద స్ట్రైపర్ వచ్చింది. ముందు ఎర బెదురుతుంది, కొన గబగబా వణుకుతుంది. తరువాత కొన ఒకసారి, రెండుసార్లు తల వంచుతుంది. ఈ రెండు వంపుల్లో చేపకు ఎదురుబలం తగిలిందా, ఎరను ఉమ్మేస్తుంది. తగలకపోతే నోట్లో పెట్టుకుని తిరుగుతుంది, హుక్ నోటి మూలకు జారుతుంది, రాడ్ మొత్తం ఒక్కసారిగా నీళ్ల వైపు వంగిపోతుంది. నా గ్రాఫైట్ రాడ్ మీద మూడు చేపలు పోయింది ఆ రెండు చిన్న వంపుల దగ్గరే.

5. రింగులు, పిడి పరిశీలించండి

దారం వెళ్లే రింగుల లోపలి అంచున పగుళ్లుంటే దారం కోసుకుపోతుంది. కంటికి కనపడని పగులును దూది పట్టిస్తుంది: చిన్న దూది ముక్కను ఒక్కో రింగులో తిప్పండి, పోగు చిక్కుకుంటే అక్కడ పగులున్నట్టే. కొత్త రాడ్‌కు కూడా ఈ పని చేయండి, పాత రాడ్ కొనేటప్పుడైతే తప్పనిసరి. కాస్టింగ్ రాడ్‌లో రీల్, రింగులు పైవైపు ఉంటాయి గనుక, రాడ్ వంగినప్పుడు దారం రాడ్ ఒంటిని రాసుకోకూడదు. రాసుకుంటే రింగులు తక్కువగా ఉన్నాయని అర్థం.

పిడి విషయంలో అందరూ మరచిపోయేది రీల్ వెనకాల ఉన్న పొడవు. అది మరీ పొట్టిగా ఉంటే హోల్డర్‌లో సరిగా కూర్చోదు, చేప లాగుతుంటే ఒంటికి ఆనించి పట్టుకోవడానికీ కుదరదు. రీల్ వెనక పిడి సుమారు 10 అంగుళాలుంటే రెండు పనులూ సాగుతాయి. మీ దగ్గర హోల్డర్ ముందే ఉంటే దాన్ని దుకాణానికి వెంట తీసుకువెళ్లి పిడి అందులో దిగుతుందో లేదో చూడండి.

6. రీల్, దారం జోడించండి

రాడ్ ఎంత మంచిదైనా దానికి సరిపడని దారం వేస్తే లాభం లేదు. మోనోఫిలమెంట్ కొద్దిగా సాగుతుంది, ఆ సాగుడు మెత్తని కొనకు తోడవుతుంది. బ్రెయిడ్, అంటే అల్లిన దారం, సాగదు. కొత్తవారు మోనోతోనే మొదలుపెట్టాలని నా గట్టి అభిప్రాయం. ఇప్పటికే బ్రెయిడ్ చుట్టి ఉంటే దాన్ని తీసేయనక్కరలేదు; హుక్ వైపు చివర 30 అడుగుల మోనో కట్టి, డ్రాగ్‌ను (చేప గట్టిగా లాగితే రీల్ దారాన్ని వదిలేలా చేసే బిగింపును) ఇంకొంచెం వదులు చేసి వాడండి.

లైన్ కౌంటర్ రీల్ లేకపోతే లోతు ఎలా తెలుస్తుందని అడుగుతారు. రీల్ నుంచి మొదటి రింగు వరకు ఉన్న దూరాన్ని టేపుతో ఒకసారి కొలవండి. అది రెండడుగులైతే, ఎర నీటిని తాకిన తరువాత అంత మేర దారాన్ని పదిహేనుసార్లు లాగి వదిలితే ఎర 30 అడుగుల్లో ఉంటుంది. ఒక్కో రాడ్‌కు ఈ దూరం వేరుగా ఉంటుంది, కాబట్టి ఒక రాడ్ లెక్క మరొకదానికి వాడవద్దు.

హుక్ విషయంలో ఒక్క మాట. ఐదారు అంగుళాల హెర్రింగ్‌కు 1/0 నుంచి 3/0 సైజు సర్కిల్ హుక్ సరిపోతుంది. పెద్ద గిజార్డ్ షాడ్‌కు ఇంకా పెద్దది కావాలి. మొన పక్కకు తిరిగి ఉండని రకాన్ని తీసుకోండి, అది చేప గొంతులో దిగకుండా నోటి మూలన పట్టుకుంటుంది.

7. ఇంట్లో మూడు బరువుల పరీక్ష చేయండి

రీల్ బిగించి, దారాన్ని అన్ని రింగుల గుండా తీయండి. డెక్ మీద నిలబడి రాడ్‌ను నేలకు సమాంతరంగా పట్టుకోండి. దారం నేలకు రెండడుగుల ఎత్తులో వేలాడాలి.

మొదట 2 ఔన్సుల గుండు కట్టండి. కొన కొద్దిగా తల వంచాలి. ఏమీ కదలకపోతే రాడ్ ఎరకు మరీ గట్టిది.

తరువాత అర లీటరు నీళ్ల సీసా మెడకు దారం కట్టి నెమ్మదిగా ఎత్తండి. ఇది సుమారు 1.1 పౌండ్లుంటుంది. రాడ్ పై మూడో వంతు అందంగా వంగి, కింది భాగం నిటారుగా ఉండాలి. ఈ బరువుకే వంపు పిడి దాకా వచ్చేస్తే రాడ్ చేపకు చాలదు.

చివరగా, పెరుగు తోడుపెట్టడానికి కొనే అర గ్యాలన్ పాల డబ్బా ఖాళీ అయ్యాక నిండా నీళ్లు పోసి కట్టండి. అది 4 పౌండ్ల పైచిలుకు ఉంటుంది, మనం డ్రాగ్ పెట్టబోయేదీ దాదాపు అంతే. ఇప్పుడు వంపు నడుము దాటి కిందికి రావాలి. అయినా డబ్బాను నేల మీద నుంచి లేపి పట్టుకోగలిగినంత బలం పిడి దగ్గర మిగలాలి. ఎత్తేటప్పుడు రాడ్‌ను ఆకాశంలోకి నిలబెట్టవద్దు. సమాంతరంగానే ఉంచి మెల్లగా లేపండి, కుదపవద్దు, కింద పిల్లల కాళ్లు లేకుండా చూసుకోండి.

మూడింటిలో రెండో పరీక్ష తప్పిన రాడ్‌ను రసీదు ఉండగానే తిరిగి ఇచ్చేయండి. మొదటిది మాత్రమే తప్పితే దాన్ని ప్లేనర్ బోర్డుకు వాడుకోవచ్చు.

8. డ్రాగ్‌ను తూచి పెట్టండి

చేత్తో లాగి చూసి 'సరిపోయింది' అనుకోవడం చాలామంది చేసే పనే, చేపలు పోయే కారణాల్లో అదీ ఒకటి. డ్రాగ్ దారం బలంలో పావు వంతుకూ మూడో వంతుకూ మధ్య ఉండాలి. 15 పౌండ్ల దారానికి సుమారు 4 పౌండ్లు. సూట్‌కేసు తూచే తూనిక కొక్కేనికి దారం కట్టి, రాడ్‌ను 45 డిగ్రీల కోణంలో పట్టుకుని, ఇంకొకరిని తూనికను మెల్లగా లాగమనండి. అంకె 4 దగ్గరకు వచ్చినప్పుడు రీల్ దారాన్ని వదలాలి. కుదుపులు లేకుండా జారుతూ వదలాలి.

9. నీళ్ల మీద సరిచూసుకోండి

హోల్డర్‌లో రాడ్ నీటికి దాదాపు సమాంతరంగా ఉండాలి, నిటారుగా కాదు. నిటారుగా ఉంటే చేప లాగిన తొలి క్షణంలోనే ఎదురుబలం తగులుతుంది. రాడ్ పిడికి ఒక తాడు కట్టి పడవకు బిగించండి. నాసిరకం ప్లాస్టిక్ హోల్డర్ విరిగి రాడ్, రీల్ రెండూ నీళ్లలోకి పోవడం నా కళ్ల ముందే జరిగింది.

పది పదిహేను నిమిషాలకోసారి ఎరను పైకి తీసి చూడండి. హెర్రింగ్ చురుకుగా ఉండి, ముక్కు దగ్గర రంధ్రం పెద్దది కాకుండా ఉంటే మీ కొన సరిగా ఉంది. చేప పడ్డాక హుక్ ఎక్కడ గుచ్చుకుందో చూడండి. నోటి మూలన ఉంటే రాడ్, హుక్, మీ ఓపిక మూడూ కుదిరినట్టే. కొన తల వంచి వంచి ఖాళీగా లేస్తూ ఉంటే, కొన గట్టిదై ఉండాలి లేదా మీరు తొందరపడి ఉండాలి.

తరచూ జరిగే పొరపాట్లు

అన్నిటికంటే ఎక్కువగా కనపడేది తొందర. కొన వణకగానే రాడ్‌ను హోల్డర్ నుంచి లాగి, గట్టిగా పైకి కొడతారు. చెరువులో బెండు మునగగానే గాలం లాగిన అలవాటు మన చేతుల్లో ఉంది, దాన్ని ఇక్కడ అదుపులో పెట్టాలి. సర్కిల్ హుక్‌ను కొడితే అది నోట్లోంచి జారి బయటికి వస్తుంది. రాడ్ పూర్తిగా వంగి అలాగే ఉండేదాకా ఆగండి. తరువాత రాడ్ హోల్డర్‌లో ఉండగానే రీల్ పిడిని నాలుగైదుసార్లు తిప్పి, బరువు నిలిచిందని తెలిశాక చేతిలోకి తీసుకోండి.

రెండోది సముద్రపు రాడ్ కొనడం. భూపరివేష్టిత జలాల్లో పట్టిన స్ట్రైపర్లలో ప్రపంచ రికార్డు 69 పౌండ్ల 9 ఔన్సులు, 2013లో అలబామాలోని బ్లాక్ వారియర్ నదిలో దొరికింది. ఆ అంకె విని లావుపాటి రాడ్లు కొంటారు. లానియర్, టెక్సోమాల్లో మీకు రోజూ తగిలేవి దానిలో చిన్న భాగమే ఉంటాయి, పైగా పెద్ద చేపను అలసట పరిచేది డ్రాగ్; రాడ్ లావు కాదు.

మూడోది, చేప పడవ పక్కకు వచ్చాక రాడ్‌ను నిటారుగా ఎత్తడం. అప్పుడు బరువంతా సన్నని కొన మీద పడి విరుగుతుంది. చేపను రాడ్‌తో ఎత్తవద్దు, వల కిందుగా పెట్టి తీసుకోండి.

ఇంకొకటి నిబంధనలకు సంబంధించినది. జార్జియాలో 16 ఏళ్లు, టెక్సస్‌లో 17 ఏళ్లు నిండినవారికి లైసెన్స్ ఉండాలి. ఒక సరస్సులో అనుమతించే ఎర మరో సరస్సులో నిషేధం కావచ్చు, కాబట్టి రాష్ట్ర శాఖ ఆ ఏడాది నిబంధనలు చూడండి. మిగిలిన ఎరను ఎప్పుడూ నీళ్లలో వదలవద్దు. వేసవిలో చల్లని లోతు నుంచి వేడి పైనీళ్లకు వచ్చిన స్ట్రైపర్ వదిలినా చాలాసార్లు బతకదు. ఆ రోజుల్లో తినడానికి కావలసిన చేపలు దొరకగానే గాలం తీసేయడం మేలు.

ఇప్పటికే గట్టి రాడ్ కొన్నవారికి

దాన్ని అమ్మేయనక్కరలేదు. వేసవిలో లోతున్న చేపలకు బరువైన లోహపు స్పూన్ (చెంచా ఆకారపు కృత్రిమ ఎర) నిలువునా దింపి ఎగరేసే వేటకు ఆ బిర్రుదనమే కావాలి. బతికున్న ఎరకు దాన్నే వాడవలసి వస్తే దారంగా మోనోనే వేయండి, లీడర్ పొడవును ఆరడుగులకు పెంచండి, డ్రాగ్‌ను 3 పౌండ్లకు తగ్గించండి, రాడ్ కొనను నీటికి ఇంకా దగ్గరగా దించి పెట్టండి. ఎర కోసం హెర్రింగ్ బదులు ముక్కు కాస్త గట్టిగా ఉండే గిజార్డ్ షాడ్ దొరికితే, ఆ సరస్సులో దానికి అనుమతి ఉంటే, దాన్ని గుచ్చండి. నా గ్రాఫైట్ రాడ్ ఇప్పటికీ గ్యారేజీలో ఉంది. ఏప్రిల్ దాకా గోడకు వేలాడుతుంది, జూన్ నుంచి స్పూన్ కట్టుకుని నాతో పడవెక్కుతుంది.